దుర్గాంబక్క కొన్న ఈకల సంచి

మా ఇంట్లో ఈకల మీద గొడవ జరిగింది. చెబితే నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది.

దుర్గాంబక్క నా తోడికోడలు, మా బావగారు నాగేశ్వర్లు భార్య. వెలిగండ్ల నుంచి చిన్న వయసులోనే మార్కాపురంలోని ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. పొద్దున వంటిల్లు, ఎండెక్కాక దుకాణంలో గల్లాపెట్టె, పొద్దుగూకాక మళ్లీ వంటిల్లు. పెళ్లిళ్లకు, పుట్టింటికి, తిరుపతికి తప్ప ఎక్కడికీ వెళ్లి ఎరగదు. వెళ్లినా వెంట పిల్లాజెల్లా, పులిహోర డబ్బాలు. ఏళ్ల తరబడి బరువులెత్తి మెడ నరం పట్టేసింది, కుడి చెయ్యి తిమ్మిరెక్కేది. బరువులు మోయొద్దు, రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. అలా కాలేజీ గ్రౌండులో నడక మొదలైంది. అక్కడే సావిత్రమ్మ టీచరుతో స్నేహం కుదిరింది.

సావిత్రమ్మ టీచరు రిటైరైనప్పటి నుంచి ఏటా వేసవిలో హిమాలయాలకు పోయి కొండలెక్కుతుంది. ఈసారి ఆడవాళ్లమే పోతున్నాం, నువ్వూ రా అని అక్కను పిలిచింది. అక్క ఇంటికి వచ్చి బియ్యం ఏరుతూ, “నేను పోతా మహాలక్ష్మీ” అంది. పోనా అని అడగలేదు. ఆ మనిషి నోట అలాంటి మాట వినడం నాకదే మొదలు.

అక్కడ గుడారం, తిండి యాత్ర నడిపేవాళ్లే చూస్తారు. పక్క మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కుని ఎవరి వీపున వాళ్లు మోసుకోవాలి. స్లీపింగ్ బ్యాగు అంటారు, లోపలికి దూరి జిప్పు లాక్కునే బొంత అనుకోండి. మనకు రోళ్లు పగిలే ఎండలు కాసే రోజుల్లో కూడా అక్కడ రాత్రిపూట నీళ్లు గడ్డకట్టేంత చలట.

అక్క వ్యాపారస్తుల ఇంటి మనిషి, ఊరికే దేన్నీ కొనదు. టీచరు ఇంట్లో ఉన్న రెండు రకాల సంచుల్లోనూ, ఏప్రిల్ ఎండలో, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ దూరి చూసింది. ఒకటి పాలిస్టరు దూదిది. తడిసినా ఫరవాలేదు గానీ చుడితే దిండంత అవుతుంది, బరువు. రెండోది బాతు పొట్ట కింది నూగుటీకలతో నింపింది. తడవకుండా చూసుకోవాలి గానీ నొక్కితే చెంబంతవుతుంది, వీపున ఉన్నట్టే తెలియదు. సంచి మీద రాసిన డిగ్రీల్లో కూడా ఒక తిరకాసు ఉందని కనిపెట్టింది. ఒక అంకె హాయిగా నిద్రపట్టే చలికట, ఇంకోటి ప్రాణం నిలబడే చలికట. “నాకు కావాల్సింది నిద్ర గదా, మొదటిదే చూసుకుంటా” అంది. తన మెడకు ఈకలదే సరి అని తేల్చుకుని వచ్చింది.

మా ఆయన పుల్లారావు విన్నాడు. “బాతు ఈకలా? పూజగది ఉండే ఇంట్లోకా? అమ్మకు తెలిస్తే అన్నం ముట్టదు వదినా” అన్నాడు. అమ్మంటే మా అత్తమ్మ రామతులసమ్మ. ఎనభై దాటింది, మడి తప్పని మనిషి. ఆమె పేరు చెబితే ఈ ఇంట్లో ఎవరి నోరూ పెగలదు.

మా దుకాణం సంగతి చెప్పలేదు కదూ. మేం అమ్మేది కోళ్ల దాణా. అందులో ఎండు చేపల పొడి కలుస్తుంది. ఆ వాసన మా ఆయన చొక్కా నుంచి మా మంచం దాకా వస్తుంది. కోళ్లు మేసి బలిస్తేనే మాకు తిండి. ఆ దాణాకు లేని మైల ఈకలకు ఎక్కడి నుంచి వచ్చిందో. శ్రీరంగ నీతులు చెప్పడానికి మా ఆయన తర్వాతే ఎవరైనా. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను. “యాపారం వేరు, ఇల్లు వేరు” అన్నాడు. మా బావగారు బెల్లం కొట్టిన రాయిలా పేపరు చదువుకుంటున్నారు. ఆ పేపరు లాగి చించాలనిపించింది నాకు.

రెండో రోజు మా ఆయన పెద్ద ఉపకారం చేసినట్టు కనిగిరి నుంచి పాలిస్టరు సంచి తెచ్చిపెట్టాడు. అక్క దాన్ని వీపుకు తగిలించుకుని తర్లుపాడు రోడ్డు మీద కొంచెం దూరం నడిచి వచ్చింది. చెయ్యి తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకోలేకపోయింది. అయినా, “సరే పుల్లారావూ, దీన్నే మోస్తా. టికెట్టు తీయిస్తున్నా” అంది.

అప్పుడు బయటపడింది అసలు రంగు. “అది కాదు వదినా, అన్న లేకుండా ఆడమనిషివి అంత దూరం ఎట్ల పోతావు? బజారులో నలుగురు ఏమంటారు?” అన్నాడు. వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. ఈకలూ కాదు, మడీ కాదు. ఈ మనిషి గడప దాటితే ఇల్లు ఎవరు మోస్తారన్నదే వీళ్ల బాధ.

అక్క బావగారి వైపు తిరిగింది. “నువ్వేమంటావు?” ఆయన, “వాడు చెప్పేది గూడా ఆలోచించు” అన్నారు. అక్క ఆలోచించింది. ఆలోచించి, అక్కడే మా అందరి ముందూ ఫోను తీసి ఈకల సంచికి ఆర్డరు పెట్టింది.

పార్సిలు వచ్చిన రోజు వాకిట్లోనే విప్పింది. గాలి తగలగానే సంచి మెల్లగా పొంగింది. మా ఆయన ఇక చివరి అస్త్రం తీశాడు. లోపలికి పోయి అత్తమ్మను చెయ్యి పట్టుకుని గడప దాకా నడిపించుకొచ్చాడు. “అమ్మా, చూడు, ఇంట్లోకి ఏం తెచ్చిందో.”

“ఏందే అది?” అంది అత్తమ్మ.

“పడుకునే సంచి అత్తమ్మా. లోపల బాతు ఈకలు.” అక్క అబద్ధం ఆడలేదు.

“నేను ముట్టను” అంది ఆమె. మా ఆయన మొహం వెలిగింది. అత్తమ్మ మాత్రం లోపలికి పోలేదు. గడప పట్టుకుని సంచి వైపే చూస్తూ నిలబడింది. “ఒక్కరే పట్టేది?”

“ఒక్కరే.”

“దాంట్లో దూరి మూసుకుంటే మళ్లీ ఎవరన్నా లేపుతారా? నీళ్లకనీ, దీపానికనీ?”

“ఎవరూ లేపరు అత్తమ్మా.”

“నన్ను ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ లేపుతానే ఉన్నారు. మీ మామ లేపినాడు, పిల్లలు లేపినారు, ఇప్పుడు వీడు లేపుతున్నాడు. నిద్ర చాలని లేచిన రోజు ఒక్కటి లేదు.” ఊపిరి తీసుకుంది. “పో. వచ్చినాక దాన్ని వాకిట్లోనే పెట్టు, లోపలికి తేబాకు.”

“అమ్మా, ఈకలమ్మా” అన్నాడు మా ఆయన.

“విన్నాలేరా. నువ్వు నన్ను అడిగినావా ఎప్పుడన్నా?”

ఆయన తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు. కన్నతల్లి పేరు చెప్పి ఇన్నేళ్లుగా మమ్మల్ని ఆపినవాడు, ఆ తల్లిని ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోనివ్వలేదు. పైగా రోజూ చీకటితోనే పూజగదిలో దీపం పెట్టమని లేపేది, దేవుడి పేరు చెప్పి.

మే నెల మొదట్లో అక్క మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కింది. బావగారు సంచి అందించారు.

మర్నాడు తెల్లవారుజామున మా ఆయన అలవాటు ప్రకారం “అమ్మా, దీపం వేళైంది, లే” అంటూ అత్తమ్మ మంచం వైపు నడిచాడు. నేను అడ్డం నిలబడి అగ్గిపెట్టె ఆయన చేతిలో పెట్టాను.

“ఈ పొద్దు మీరు పెట్టండి” అన్నాను.