ఫిడేలు పెట్టెలో విప్పని ఉత్తరాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉత్తరాలు రెండు చోట్ల ఉండేవి. చదివినవి గోడకు వేలాడే కమ్మీకి గుచ్చి ఉండేవి. చదవనివి మా తాత ఫిడేలు పెట్టెలో, అడుగున పరిచిన గుడ్డ కింద ఉండేవి. చదవని ఉత్తరాన్ని మనిషి ఎందుకు దాచుకుంటాడో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

మాది విడపనకల్లు. మా తాత చర్చి సంఘంలో కీర్తనలకు ఫిడేలు వాయించేవాడు, ఊళ్లు తిరిగి కచేరీలూ చేసేవాడు. ఆయన ప్రాణస్నేహితుడు బళ్ళారి మృదంగం తాత. ఇద్దరూ ఒకే గురువు ఇంట్లో నేర్చుకున్నారు. మేము ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్లం, ఆయన శనివారం ఆంజనేయుడికి ఆకుపూజ చేయించేవాడు. వాళ్ల మధ్య అది ఏనాడూ మాటకు రాలేదు.

కమ్మీకి గుచ్చినవన్నీ ఆయన ఉత్తరాలే. ప్రతి ఉత్తరం చివర ఒక స్వరాల వరుస సగం రాసి ఆపేసేవాడు. మిగతా సగం మా తాత పూర్తి చేసి పంపాలి. అదీ వాళ్ల ఆట.

ఒకసారి గుత్తి కచేరీలో మా తాత తాళం తప్పాడు. మృదంగం తాత వాయించడం ఆపి, అందరి ముందూ చేత్తో తాళం వేసి చూపించాడట. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ విప్పకుండానే పెట్టెలోకి పోయాయి. నేను ఇంకొకటి కూడా గమనించాను. నెలకొకసారి ప్రభువు బల్ల జరిగేటప్పుడు అందరూ రొట్టె తీసుకోవడానికి ముందుకు పోతే, తాత వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. సాటిమనిషి మీద పగ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదని పాస్టరు అయ్యగారు చెప్పేవారు. తాత ఆ మాట మీరలేదు. పగనూ వదల్లేదు.

ఒక మధ్యాహ్నం తాత ఫిడేలు శ్రుతి చేసుకుంటుంటే, విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్న మా అవ్వ నన్ను పిలిచింది. కొంగులోంచి విప్పని ఉత్తరం ఒకటి తీసి, అంచు చించి, నా చేతికిచ్చింది.

“మూడో తరగతికొస్తివి. చదువు వచ్చిందో లేదో చూస్తా. గట్టిగా చదువు.”

“అది యాడ తీసినావే?” అన్నాడు తాత.

“పాప చదువు చూస్తాండా. నీకెందుకప్పా? చెవులు మూసుకో.”

మా అవ్వ రోజూ బైబిలు వాక్యం తనే చదువుకునే మనిషి. ఆ ఉత్తరానికి నా అవసరమేమిటో నాకప్పుడు తట్టలేదు.

కూడబలుక్కుని చదివాను. “వాన లేదు. బాయి అడుక్కు పోయినాది. మృదంగానికి పూసే రవ్వ పిసికేదానికి గూడా నీళ్లు చూసి చూసి పోసుకుంటాండా. నీ ఫిడేలు ఎట్లుండాది?”

గుత్తి మాటే లేదు. కింద స్వరాలు ఉన్నాయి. “గ ప ద, గ ప ద స” అని పలక మీది అక్షరాల్లా చదివి ఆగిపోయాను. ఆ పైన కాగితం ఖాళీ.

అవ్వ తలెత్తలేదు, కాయలు చిదుముతూనే ఉంది. అప్పుడు తాత కమాను కదిలింది. మిగతా సగం ఫిడేలు పలికింది.

అన్ని ఉత్తరాలూ ఆ పూటే విప్పించాడు. ఏ ఒక్కదానిలోనూ నింద లేదు, ప్రతిదానిలో సగం స్వరం ఉంది. చివరిదాంట్లో మాత్రం “ఎడమ చెయ్యి లేయడం ల్యా” అని ఒక్క ముక్క, దాని కింద మళ్లీ సగం స్వరం. తాత చాలాసేపు ఆ కాగితం మడవలేదు. మర్నాడు తొలి బస్సుకు బళ్ళారి పోయాడు.

వారానికి తిరిగొచ్చి అవ్వతో ఒకటే చెప్పాడు. “వాయించల్యాడు ఇంక. కుడి చేత్తో నా తొడ మీద తాళం వేసినాడు, నేను వాయించినా.” ఆ నెల బల్లకు తాత అందరికంటే ముందు లేచాడు.

ఈమధ్య సంగీతం చదువుకునే ఒకమ్మాయి వచ్చి ఆ కాగితాలన్నీ ఫోటోలు తీసుకుంది. పెట్టెలోని వాటికి రెండో సగాలు ఎక్కడున్నాయని అడిగింది. కాగితం మీద లేవమ్మా, బళ్ళారిలో ఒక మంచం పక్కన పూర్తయ్యాయి అన్నాను.

ఇప్పటికీ బల్లకు ముందురోజు ఫోను తీసి, వినకుండా వదిలేసిన వాయిస్ మెసేజీలు ఎవరివైనా ఉన్నాయేమో వెతుకుతాను. పోయిన నెల మా చెల్లెలిది ఒకటి ఉంది. ఇద్దరికీ మాటల్లేవు, తిట్టే ఉంటుందనుకుని వారాలుగా వదిలేశాను. ప్రభువును తలుచుకుని విన్నాను.

“అక్కా, ఈ యాడాది చింతపండు బాగుండాది. నీకు ఎంత పెట్టమంటావు?”