నూనె కాగితంలో గొంతు

మధ్యాహ్నం కునుకులో మా ఆయన నాతో మాట్లాడేరు. గొంతు ఆపరేషనై ఆయనకి మాట పోయి రెండేళ్లయింది, కలలో మాట్లాడడం అదే మొదలు. వరండాలో కుర్చీ వేసుకుని, మబ్బు గుమ్మం దాటి లోపలికొచ్చేస్తోంది తలుపు వెయ్యవే అన్నారు. ఎంత హాయిగా ఉందో ఆ మాట. లేచి మంచమ్మీద కూచున్నాక తెలిసింది. అది ఆయన గొంతు కాదు. గుణుపురం దగ్గర సేద్యం చేసుకుంటున్న మా అన్న గొంతు.

కళ్లు మూసుకుని వెతికేను. ఆయన దగ్గు గుర్తొచ్చింది. నవ్వితే భుజాలు ఎగరడం గుర్తొచ్చింది. గొంతు మాత్రం రాలేదు. బయట నిజంగానే మబ్బు దిగి ఉంది, ఎదురు క్వార్టరు గోడ కూడా కనబడలేదు. ఒడిశా కొండల మీద, మా సునాబెడలో వానాకాలం అంతే, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ తేడా తెలీదు. ముప్పయ్యేళ్లు ఒక చూరు కింద బతికి మొగుడి గొంతు మర్చిపోయిన మనిషిని నేనొక్కర్తినే అయ్యుంటాను అనుకుంటే ఏడుపొచ్చేసింది.

ఆ గొంతు ఒక చోట ఉంది. గొంతులో పుండు తీసెయ్యాలి, తీసేక మాట రాదు అని విశాఖపట్నంలో డాక్టరు చెప్పినప్పుడు, ఇంటికొచ్చి మూడు రోజులు ఆయన మాటలు నా ఫోనులో రికార్డు చేసేను. అసలే మాట పొదుపు మనిషి. ఏం మాట్లాడాలో తెలీక గ్యాసు పుస్తకం చదివేరు, కోరాపుట్ బస్సుల టైములు చదివేరు, మధ్యలో నన్ను రెండుసార్లు కసిరేరు. అవన్నీ అరచేతిలో పట్టేంత నల్లటి హార్డ్ డిస్కులోకి ఎక్కించేను. తర్వాత ఆ ఫోను నీళ్ల బకెట్లో పడి చచ్చింది. ఇక ఉన్నది ఆ డిస్కు ఒక్కటే. వినే ధైర్యం లేక, దాచిపెట్టమని ఆయన చేతికే ఇచ్చేసేను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నేను ఒట్టి వాగుడుకాయని. పొద్దున్న పళ్లు తోముకుంటూ మొదలెడితే దీపాలు పెట్టేవరకూ నా నోటికి తెరిపి ఉండేది కాదు. ఆపరేషన్ తర్వాత నా నోరూ పడిపోయింది. జవాబు చెప్పలేని మనిషి ముందు గలగలా మాట్లాడడమంటే, ఉపవాసం ఉన్నవాళ్ల ముందు కూచుని తిన్నట్టుండేది. ఆయన పలక మీద రాసేవారు, నేను తలాడించేదాన్ని. ఇంట్లో ఫ్యాను చప్పుడే పెద్ద చప్పుడు.

బీరువా తీసేను. డిస్కు పసుపుపచ్చ నూనె కాగితంలో చుట్టి, దారంతో కట్టి ఉంది. దారానికి ఒక అట్టముక్క, దాని మీద మా ఆయన గుండ్రటి అక్షరాలు. 'వస్తువు: గొంతు. సంఖ్య: ఒకటి.' విమానం ఇంజన్ల ఫ్యాక్టరీలో, స్టోర్సులో పనిచేసే మనిషి మరి, ఇప్పటికీ డ్యూటీకి వెళ్తారు. ఆ చీటీ చూస్తే నవ్వొచ్చింది. ఆయన మీద ముద్దొచ్చింది కూడా.

కంప్యూటరుకి తగిలించేను. ఏటీ లేదు. లైటు వెలగలేదు, టింగుమన్న చప్పుడూ లేదు. ఈ కన్నం కాదని ఆ కన్నంలో పెట్టేను. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టేను. పక్కింటావిడ దగ్గర వేరే వైరు అడిగి తెచ్చేను, చివరికి ఆవిడ లాప్‌టాప్‌కే పెట్టి చూసేం. అప్పుడొకసారి లైటు మినుకుమంది. డిస్కు ఫార్మాట్ చెయ్యమంటావా అని తెర మీద అడిగింది. పక్కింటావిడ సరే నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని లాగేసేను. ఫార్మాటంటే లోపలున్నదంతా తుడిచెయ్యడమని ఆ మాత్రం నాకు తెలుసు. మళ్లీ లైటు ఆరిపోయింది.

ఆయన ఇంటికొస్తే చెప్పలేదు. గొంతు రెండోసారి పోయిందని ఏ నోటితో చెప్పను? మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లగానే, డిస్కు చీర చెంగులో కట్టుకుని కోరాపుట్ బస్సెక్కేను. దారంతా పొగమంచు. చెట్లు ఒకటొకటిగా వచ్చి కిటికీలోకి చూసి వెళ్లిపోతున్నాయి. నా పక్కన కూచున్నావిడ ఒళ్లో కోడి ఉంది. కండక్టరు టికెట్టు అడిగితే ఆవిడకంటే ముందు కోడి పలికింది. ఇది ఆయనకి చెప్పాలి అనుకుని, అంతలోనే నాలిక్కరుచుకున్నాను. అర్ధనిద్రలో ఉన్నట్టే కోరాపుట్‌లో దిగేను.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన, ఒడియా మనిషి, మునుపు గడియారాలు బాగుచేసేవాడట. కంటికి భూతద్దం పెట్టుకుని వైరు గుచ్చే కన్నంలోకి చాలాసేపు చూసేడు. తర్వాత వాసన చూసేడు.

"ఇందులో నూనె ఎవరు పోసేరమ్మా?" అని ఒడియాలో అడిగేడు.

నాకు అప్పుడు వెలిగింది. మా క్వార్టర్లలో వానలు దిగకముందు ఒక ఆదివారం అందరూ ఇదే పని పెట్టుకుంటారు. తాళాలు, గడియలు, కుట్టుమిషను, ఇనపది ఏదైతే దానికి తుప్పు పట్టకుండా చిక్కటి నూనె రాసి, కాగితం చుట్టి, చీటీ కడతారు. ఫ్యాక్టరీలో స్టోర్సుకొచ్చే ప్రతి ముక్కకీ ఇదే మర్యాద. మా ఆయన డిస్కుకీ అదే మర్యాద చేసేరు, కన్నంలోకి కూడా బొట్టు బొట్టుగా వేసి. ఆ నూనె రెండేళ్లలో మైనంలా గట్టిపడి లోపలి ఇత్తడి పళ్లని మూసేసింది. ఒళ్లు మండిపోయింది నాకు.

పెద్దాయన స్పిరిట్టు, మెత్తటి బ్రష్షు తీసేడు. గడియారాలకి అలవాటుపడ్డ చెయ్యి, తొందర లేదు. తుడవడం, ఆరనివ్వడం, మళ్లీ తుడవడం. నేను స్టూలు మీద కూచుని నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. వైరు పెట్టేసరికి లైటు వెలిగి, అలాగే నిలబడింది. లోపలివన్నీ ఇంకో పెన్‌డ్రైవులోకి కూడా ఎక్కించి ఇచ్చి, ఇక దీనికి తలంటు పొయ్యొద్దని మా ఆయనకి చెప్పమన్నాడు.

నేనొచ్చేసరికి ఆయన డ్యూటీ దిగి టీ పెడుతున్నారు. గుమ్మంలోంచే అందుకున్నాను. "బోల్టులకి రాసినట్టు గొంతుకి నూనె రాస్తారేటండీ ఎవరైనా? ఇంకాస్తలో మొత్తం పోయేది!" రెండేళ్లలో నేను గట్టిగా అన్న మాట అదే.

ఆయన స్టవ్వు ఆపి పలక తీసుకున్నారు. "తుప్పు పట్టేస్తాదని భయమేసింది" అని రాసేరు. అది చదివేక ఇంక తిట్టలేకపోయేను.

ఇద్దరం కంప్యూటరు ముందు కూచున్నాం. గ్యాసు పుస్తకం వచ్చింది. బస్సు టైములు వచ్చేయి. కొంచెం ముక్కుతో, మాట చివర్న కొంచెం బొంగురు. అదే, అదే గొంతు. ఎలా మర్చిపోయేను? ఆయన తల దించుకుని టీ గ్లాసు తిప్పుతూ ఉన్నారు. ఆఖరి దాంట్లో నా గొంతూ ఉంది, ఇంకేటైనా చెప్పండి, ఇంకేటైనా చెప్పండి అని పోరుతున్నాను. వెనకాల వాన చప్పుడు. ఆ రికార్డులోనే తర్వాత ఆయన గొంతు.

"ఏటి సెప్పమంటావే. ఇన్నాళ్లూ నువ్వే సెప్పేవు, నాను ఇన్నాను. ఇకమీదటా అదే కదా. నువ్వు సెప్పు, ఇంటాను."

అక్కడితో అయిపోయింది. రెండేళ్లుగా ఆయన వినడానికే కూచున్నారు. నోరు కట్టేసుకున్నదాన్ని నేను. అటు తిరిగి చూస్తే, ఆయన పలక బోర్లా పెట్టేసి కుర్చీ నా వైపు తిప్పుకుంటున్నారు. కళ్లు తడిగా ఉన్నాయి. నేను చెంగుతో ముక్కు తుడుచుకుని, బస్సులో నా పక్కనావిడ కోడి సంగతితో మొదలెట్టేను.