వేపాకుల్లో అరబ్బీ కాగితాలు

నా సంగతులు రాస్తానన్నావుగా, ముందు నా తప్పు రాసుకో తల్లీ, మిగతాది తర్వాత చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మన పైగదిలో ఒకమ్మాయి కిరాయికి ఉండేది. అరబ్బీ సాహిత్య చరిత్ర మీద పరిశోధన చేసేది. పాత చేతిరాత కవిత్వ పుస్తకాల అంచుల్లో ఎవరెవరు ఏం రాసుకున్నారో చూసి, ఆ కవిత్వాన్ని మన దగ్గర ఎవరు చదివారో తేల్చేది. సైదాబాద్‌లో ఒక పెద్దాయన ఆమెకు అలాంటి పుస్తకం ఒకటి వారం కోసం ఇచ్చాడు. ఫొటోలు వద్దన్నాడు. ఇది క్షేమంగా తిరిగొస్తే తన బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ చూపిస్తానన్నాడు. ఆమె చదువంతా ఆ బీరువా మీదే ఆధారపడి ఉంది.

ఆయన వచ్చి తీసుకెళ్లే రోజు పొద్దున కూర ఇద్దామని పైకి వెళ్లాను. అమ్మాయి స్నానానికి పోయింది. కుట్టు ఊడిన ఆ పుస్తకం కాగితాల్లో పురుగు కనిపించింది. పట్టుచీరలకు చేసినట్టే వాటినీ మంచం మీద పరిచి, దులిపి, మధ్యమధ్యలో ఎండు వేపాకు పెట్టి, చక్కగా దొంతర పేర్చాను. ఒక్కదాని మీదా పేజీ అంకె లేదని, వరస తప్పితే మళ్లీ కలపడం కష్టమని నేనెక్కడ చూశాను?

అమ్మాయి వచ్చి చూసి మంచం మీద కూలబడింది. కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ బాధ. తర్వాత ఒక కాగితం వెనక్కి తిప్పింది.

"ఆంటీ, జర ఇటు చూడుండ్రి. కింద మూలకు ఒక మాట ఉంది గదా? దీని తర్వాతి కాగితం గా మాటతోనే మొదలైతది."

నాకు ఒక్క అక్షరం రాదు. కానీ ఎన్ని చీరలకు అంచుకు అంచు కలిపి కుట్టాను! చుక్కలు, వంపులు చూసి జతలు వెతికాను, ఆమె చదివి సరే అన్నాక పేర్చాను. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. చివరికి ఒక్కచోట మాత్రం అతకలేదు. కింద మాట ఉంది, దానితో మొదలయ్యే కాగితం లేదు. పరుపు తిరగేశాం, వేపాకు జల్లించాం. దొరకలేదు.

సాయంత్రం పెద్దాయన రాగానే జరిగిందంతా నేనే చెప్పేశాను. ఆయన కుడివైపు నుంచి ఒక్కొక్కటే తిప్పుతూ సరిగ్గా అక్కడే ఆగాడు.

"గా కాగితం మా తాత ఉన్నప్పటి సంది లేదమ్మా. పరేషాన్ కాకుండ్రి."

హమ్మయ్య అనుకున్నాను.

ఆయన కాగితాల్లో మిగిలిపోయిన ఒక వేపాకు వాసన చూసి మళ్లీ వాటి మధ్యే పెట్టాడు. "ఆదివారం రా బేటీ, బీరువా తీస్తా. గీ అమ్మను మాత్రం ఇంట్లనే ఉంచు."

నవ్వుకుంటూ కిందికి దిగి, ఆయనకూ అమ్మాయికీ అన్నం పెట్టాను.