ఎల్లయ్య క్లారినెట్, నేను సరిచేసిన సింథసైజర్

1988 జనవరి. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాది పది అడుగుల వెడల్పున్న మరమ్మతు దుకాణం. మొదట రేడియోలు, ఆంప్లిఫయర్లు చేసేవాణ్ని. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు కీబోర్డులు, సింథసైజర్లు తేవడం మొదలయ్యాక వాటినీ విప్పడం నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. పదో తరగతి లెక్కలు, పాత సర్క్యూట్ పుస్తకాలు, పాడైన బోర్డులు, అంతే నా చదువు. నా చెవి మీద నాకు నమ్మకం లేదు. అందుకే హైదరాబాదు పోయి ఫ్రీక్వెన్సీ కౌంటర్ కొన్నాను. స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తున్నదో అంకెల్లో చూపే పెట్టె అది. అంకె కనపడితే ఇంక నేను వాదించను, ఎదుటివాళ్లనూ వాదించనివ్వను.

ఆ నెలలో ఎల్లారెడ్డి నుంచి ఖాజా మాస్టర్ వచ్చాడు. పెండ్లి బ్యాండు నడుపుతాడు, సింథసైజర్ తనే వాయిస్తాడు. దాన్ని తోపుడు బండి మీద కట్టి ఊరేగింపులో తోసుకుపోతారు.

"గుంత తగిలిందంటే శృతి జారుతది అన్నా," అన్నాడు. "పెండ్లికొడుకు గుర్రం మీదుంటడు, మా పాట గుంతల ఉంటది."

రోగం చిన్నదే. ముందు పలక మీద ట్యూనింగ్ నాబ్ ఉంటుంది. మొత్తం వాయిద్యం శృతిని కొద్దిగా పైకీ కిందికీ జరిపే బిరడా. లోపల అరిగిపోయి, కుదుపుకు దానంతట అదే తిరుగుతున్నది. దాని పక్కన, దాదాపు కుడి కొసన, గోళ్ల రంగుతో గీసిన ఎర్ర గీత ఒకటి ఉంది. పిల్లల పని అనుకొని స్పిరిటుతో తుడిచేశాను. నాబ్ తీసేసి, లోపల ప్రీసెట్ పెట్టాను. అంటే స్క్రూడ్రైవర్‌తో తప్ప తిరగనిది. సరైన శృతికి లెక్క అందరూ ఒప్పుకున్నదే, 'ఎ' అనే మెట్టు 440 దగ్గర పలకాలి. కౌంటర్‌లో 440 వచ్చేదాకా తిప్పి, కదలకుండా పైన లక్క చుక్క వేశాను.

"ఇంక లెక్క ప్రకారం పక్కాగ ఉన్నది మాస్టర్," అన్నాను. "ఇప్పటిసంది తేడా వస్తే ఆ తేడా పక్కోనిది, దీనిది కాదు."

అడగకపోయినా అన్న మాట అది.

మార్చిలో ఒక పగటిపూట, అరవై దాటిన మనిషి మెట్టెక్కాడు. తువ్వాలలో చుట్టిన క్లారినెట్ చంకలో ఉంది. పేరు ఎల్లయ్య అన్నాడు. ఖాజా బ్యాండులో ముప్ఫై ఏండ్లుగా వాయిస్తున్నాడట. ఖాజాకు సరిగమలు చెప్పింది కూడా తనేనట.

"స్వరం కొలిచే మిషన్ ఉన్నదట గద నీ దగ్గర," అన్నాడు. "నా క్లారినెట్ ఖరాబయిందా, నా చెవులు ఖరాబయినయా, జర చూసి చెప్పు బిడ్డా."

"ఏమైంది కాకా?"

"రెండు నెలలసంది నేనూదితే మా బండి మీది పెట్టెతోని కలుస్తలేదు. ఖాజా మొన్న అందరి ముంగట అననే అన్నడు, 'కాకా, కామారెడ్డి సారు పెట్టెను పక్కా చేసిండు, తేడా నీదే' అని. నా చేతికి గిలక్కాయలిచ్చిండ్రు. నిజామాబాదుకెల్లి కొత్త పిల్లగాడు వస్తుండు క్లారినెట్‌కు. చెవులే పోయినయంటే గిలక్కాయలే ఊపుత. ముందు తెల్వాలె గద."

మైకు పెట్టి, ఎ మెట్టుకు కలవాల్సిన స్వరం పట్టమన్నాను. 452 వచ్చింది. మళ్లీ ఊదమన్నాను. 451. మూడోసారి 452. ముప్ఫై ఏండ్ల ఊపిరి, ఒక్క అంకె కన్నా ఎక్కువ కదల్లేదు.

అయినా నా నోట్లోంచి మొదట వచ్చింది వేరే మాట. "నీదే పన్నెండు ఎక్కువున్నది కాకా."

ఆయన తలదించుకొని క్లారినెట్‌ను మళ్లీ తువ్వాలలో చుట్టడం మొదలుపెట్టాడు. మూతి కింది జాయింటు ఊగుతున్నది. శృతి దించడానికి దాన్ని పైకి లాగి లాగి వదులు చేసి, ఊడిపోకుండా దారం చుట్టుకున్నాడు. అంత లాగినా మిగతా స్వరాలు చెడిపోయాయే కానీ శృతి కలవలేదట. ఇప్పుడు మళ్లీ లోపలికి నొక్కి తెచ్చాడు. ఆ దారం చూశాక అడగాల్సింది అడిగాను.

"మరి సంక్రాంతి ముంగటి దాక ఎట్ల కలిసింది?"

"ఎర్ర గీత పెట్టుకున్న గద దాని మీద. మా కోడలు గోళ్ల రంగు. బండి గుంతల పడ్డప్పుడల్ల పోయి గీత కాడికి తిప్పుతుంటి. మాది పాత పల్టన్ బ్యాండు క్లారినెట్, మిలిటరోళ్లది, దాని శృతి జర పైన ఉంటది. ఇప్పుడా గీతే లేదు, నాబే లేదు."

నేను కాగితం తీసి లెక్క వేశాను. 440కీ 452కీ తేడా పన్నెండు. రెండూ కలిపి పలికిస్తే సెకనుకు పన్నెండుసార్లు వణుకు వినిపిస్తుంది. పై మెట్టు వాయిద్దామంటే అది 466. అంటే మెట్టు మార్చినా కలవదు. ట్రంపెట్ల గొట్టాలు జరుపుకోవచ్చు కాబట్టి అవి వాయించేవాళ్లు సింథసైజర్ వెంట పోయారు. క్లారినెట్‌కు ఆ వీలు లేదు. దుకాణం మూసి, కౌంటర్ చంకలో పెట్టుకొని ఆయనతోపాటు ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఖాజా ఇంటి ముందు పందిట్లో బ్యాండువాళ్లు సాధన చేస్తున్నారు. నిజామాబాదు కుర్రాడు అప్పటికే వచ్చి ఉన్నాడు. అందరికీ వినపడేలా చెప్పాను, గీత తుడిచింది నేనే, ఎల్లయ్య కాకను అడగకుండా శృతి మార్చింది నేనే, ఆయన చెవిలో లోపం లేదు అని.

ఖాజా నమ్మలేదు. "అప్పుడు పక్కా అంటివి గదన్నా?"

లక్క గీకి, ప్రీసెట్ తిప్పి, 452కు తెచ్చాను. ఎల్లయ్య ఊదాడు. ఖాజా వేలు మెట్టు మీదే ఉంది. రెండు స్వరాలు ఒకటైపోయి, ఏది ఎవరిదో తెలియలేదు. ట్రంపెట్ అతను నవ్వి, "ముసలోడు రైటే ఉండె రా," అన్నాడు. ఖాజా లేచి వచ్చి ఎల్లయ్య చేయి పట్టుకున్నాడు.

"మాఫ్ చెయ్యి కాకా. నేను నిన్ను అనరాని మాట అన్న."

ఎల్లయ్య తలూపాడు. తర్వాత కుర్రాడు తన క్లారినెట్ ఊదాడు. అది కొత్తది, 440ది. ఇప్పుడు అతనిది కలవలేదు. ఖాజా నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఈ పోరనికి జూన్ దాక మాటిచ్చిన. సాక్సఫోన్ కూడ వాయిస్తడు, దానికోసమే రెండు పెండ్లిండ్లు కుదిరినయ్. మళ్ల నీ లెక్కకే పెట్టు."

గొంతు తగ్గించినా ఎల్లయ్య విన్నాడు. చెవులు బాగానే ఉన్నాయి కదా.

"పెట్టు బిడ్డా," అన్నాడు నాతో. "వాండ్లకు రేపు ఊరేగింపున్నది."

ఆయన చూస్తుండగానే 440కు తిప్పాను. పైన మళ్లీ లక్క చుక్క వేశాను. ఎల్లయ్య జాయింటుకు చుట్టిన దారం విప్పి జేబులో పెట్టుకున్నాడు, గిలక్కాయలు బండి మీద ఉంచి ఇంటికి పోయాడు. ఆ బ్యాండులో మళ్లీ వాయించలేదు.

అప్పటినుంచి ఏ సింథసైజర్ వచ్చినా మూత విప్పే ముందు దీనితోపాటు ఎవరేం వాయిస్తారని అడుగుతాను. వాళ్లనూ వాయిద్యంతో సహా తీసుకురమ్మంటాను. పిట్లం నుంచో జుక్కల్ నుంచో వచ్చినవాళ్లు విసుక్కుంటారు, ఇంత దూరం ఇద్దరం రావాలా అని కొందరు వేరే దుకాణానికి పోతారు. పోనిస్తాను. పలక మీద గీతలుంటే ఎవరు గీశారో తెలిసేదాకా తుడవను.