ముగ్గు మధ్యలో ఆగిన నాన్నగారి పెళ్ళికారు

మా చిన్నప్పుడు మా నాన్నగారి కారు ఏ పెళ్ళివారింటి ముందు ఆగినా, ముందు దాని కింద ఓ పాత సత్తు పళ్ళెం పెట్టేవారు... పెళ్ళికొడుకు దిగడం ఆ తర్వాతే!

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెళ్ళిళ్ళకి కిరాయికి తిప్పే ఆ నల్ల కారు వయసులో నాన్నగారికంటే పెద్దది. బంతిపూలూ కొబ్బరాకులూ కట్టి ముస్తాబు చేస్తే ఎంత ఠీవిగా ఉండేదో... కానీ వెనక చక్రాలని తిప్పే షాఫ్టు దగ్గర గేర్లకి పోసే గేరాయిలు కారేది. అక్కడ ఆయిలు బయటికి రాకుండా గుండ్రంగా కోసిన తోలు సీలు ఉండేది. తోలు ఎండి బిగుసుకుపోతే ఇక నల్లగా చుక్కచుక్కా పడుతూనే ఉండేది.

కొత్త తోలు సీలుని బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. నాన్నగారు ఎప్పుడూ గేరాయిల్లోనే నానబెట్టేవారు. ఓ మాఘమాసంలో పక్క ఊళ్ళో పెద్ద పెళ్ళి కుదిరితే, అమ్మ కల్పించుకుంది.

"ఆ కంపు నూనెలో ఎందుకండీ? గానుగాడించిన కొబ్బరినూనె ఉంది కదా. జుట్టే పట్టులా అవుతుంటే తోలు అవదేంటండీ?"

"ఆయ్... అదీ నిజవే" అన్నారు నాన్నగారు. కొబ్బరినూనె పనికిరాని చోటంటూ ఒకటుంటుందని మా కోనసీమలో ఎవరికి తడుతుంది చెప్పండి!

సీలు నిజంగానే మెత్తగా, నిగనిగలాడుతూ తయారైంది. ఎండలో ఊరంతా తిప్పినా ఒక్క చుక్క పడలేదు. ఆ ధైర్యంతో నాన్నగారు పళ్ళెం ఇంట్లోనే వదిలేసి పెళ్ళికి బయల్దేరారు. ముందు సీట్లో నేనూ తమ్ముడూ ఇరుక్కుని కూర్చున్నాం.

మర్నాడు పొద్దున్నే అప్పగింతలు. అమ్మాయిని ఎక్కించుకోవడానికి, రాత్రంతా మంచులో తడిసిన కారుని నాన్నగారు వాకిట్లోకి తెచ్చి ఆపారు. వాకిలంతా పేడకళ్ళాపి, దాని మీద ఎంతో పెద్ద తామరపువ్వు ముగ్గు...

మాఘమాసం చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని మాకు తెలియంది కాదు. తలకి రాసుకునే ముందు సీసాని ఎండలో పెట్టేవాళ్ళం కూడా. మరి కారు కింద సీలులో నూనె పేరుకుంటే ఎండలో పెట్టేదెవరు? తోలు చెక్కలా బిగుసుకుపోయింది. తామరపువ్వు నడిమధ్యన నల్లటి మడుగు!

పెళ్ళికూతురి మామ్మగారు చూసి గుండెలు బాదుకున్నారు. "అయ్యయ్యో, శుభమా అని పిల్లని పంపుతుంటే ఈ నలుపేంటండీ!"

నాన్నగారు తడుముకోలేదు. "దిష్టిచుక్కండీ మామ్మగారూ! ఇంత చక్కటి ముగ్గేసేరు కదండీ, మా కారు ఆగలేకపోయిందండీ."

వాకిలంతా ఒకటే నవ్వులు... ఏడుస్తున్న పెళ్ళికూతురు కూడా నవ్వేసింది.

నాన్నగారు మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా, ఎవరెంత పిలిచినా, కారుని రోడ్డు మీదే ఆపేవారు. పెళ్ళికూతుళ్ళు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అంతదూరం నడిచి రావలసివచ్చేది. మెల్లగా పిలుపులు తగ్గిపోయాయి. కారు కొబ్బరి డొక్కల పక్కన పాకలోకి చేరింది. పైకి హాస్యమాడినా ఆయన మనసు ఎంత నొచ్చుకుందో, నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

ఈమధ్య తమ్ముడు మస్కట్‌లో గరాజు పని చాలించుకుని వచ్చేశాడు. కూతురి పెళ్ళి కుదరగానే, పిల్లని తాతగారి కార్లోనే అత్తారింటికి పంపుతానని పట్టుబట్టి కారు విప్పాడు. అన్నీ కుదిరాయి గానీ సీలు దగ్గర పేచీ వచ్చింది. వాడేమో నల్ల రబ్బరు సీలూ, ఇంకా ఖరీదైన గోధుమరంగు సీలూ తెచ్చాడు. నాన్నగారేమో తోలే వెయ్యమన్నారు.

"గోధుమరంగుది బాగా వేడెక్కే చోట్లకండీ. ఇక్కడికి నల్లది చాలండీ నాన్నగారూ."

"తోలు రాసుకుని రాసుకుని షాఫ్టుకి గాడి పడిపోయిందిరా. తోలైతే సర్దుకుంటది. నీ రబ్బరు ఆ గాడిలో కూర్చుంటే మళ్ళీ కారదూ?"

అది నిజమే. అందుకని సీలుని కాస్త పక్కకి, షాఫ్టు నున్నగా ఉన్న చోట కూర్చోబెడదామన్నాడు తమ్ముడు. అయినా నాన్నగారికి నమ్మకం కుదరలేదు. నల్ల రబ్బరు ముక్కని గేరాయిల్లో వేసి, అమ్మ ఆవకాయ జాడీల పక్కనే పెట్టి, రోజూ గోరుతో నొక్కి చూసేవారు. అది ఉబ్బలేదు, గట్టిపడలేదు. చివరికి "సరే, బిగించరా" అన్నారు. బిగించేముందు అంచుకి నూనె రాయాలని తమ్ముడు అనగానే, వంటింట్లోంచి అమ్మ, "నన్నడక్కండి బాబూ!" అని కేకేసింది.

పెళ్ళి ఫంక్షన్ హాల్లో. అప్పగింతల వేళకి నాన్నగారు కారు తెచ్చి, అలవాటు కొద్దీ గేటు బయటే ఆపారు. లోపలికి రమ్మని వెళ్ళి పిలిచాను. ఆయన గచ్చు కేసీ, దాని మీద పరిచిన పచ్చ తివాచీ కేసీ చూసి, "ముగ్గేదమ్మా?" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వంటవాళ్ళని అడిగి బియ్యప్పిండి తెచ్చాను. తివాచీ చుట్టేయించి, పట్టుచీరతోనే కూర్చుని తామరపువ్వు వేశాను. ఎన్నాళ్ళో అయింది కదా, రేకులు వంకర పోయాయి. నాన్నగారు కారుని మెల్లగా తెచ్చి సరిగ్గా దాని నడుమ ఆపారు. ఊరేగింపు బ్యాండు వాళ్ళు అలిసిపోయినా అప్పగింతలు తెమల్లేదు. ఆయన మాత్రం దిగి, కారు పక్కనే నిలబడ్డారు.

తమ్ముడు నడుపుకుంటూ పిల్లనీ అల్లుణ్ణీ తీసుకెళ్ళాడు. అందరూ కారు వెనకాల చేతులూపుతుంటే, నాన్నగారు మోకాళ్ళు పట్టుకుని వంగి ముగ్గు చూశారు. టైరు గుర్తులు తప్ప ఇంకేం లేవు... తెల్లగా ఉంది.

"చూసేవా అమ్మా... ఒక్క చుక్క లేదు" అన్నారు తడి కళ్ళతో నవ్వుతూ.

ఇప్పుడు ఏ కారు కిందా నూనె చుక్క పడదు... కారు కోసం ముగ్గేసి ఎదురుచూసే వాకిలే ఎక్కడా కనబడదు. మీ పెళ్ళికి ఏ కారెక్కి వెళ్ళారో, అది మీ వాకిట్లో ఏం నిర్వాకం చేసి వెళ్ళిందో రాయండి... నాన్నగారి పక్కన కూర్చుని అన్నీ చదివి వినిపిస్తాను.