లాభంలేదు మాస్టారు

ఐటీఐలో కరెంటు పాఠాలు చెప్పే పెద్దమాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. "లాభం లేదు" అనందే ఆయనకి మాట పూర్తికాదు. పక్కింటాయన కొత్త స్కూటరు కొని చూపిస్తే చుట్టూ తిరిగి చూసి, "లాభం లేదండీ" అని, వెనకెక్కి కూర్చుని బజారుకి పోనివ్వమన్నారు. డాక్టరు నాడి పట్టుకుంటే ఆయనే డాక్టరుకి ధైర్యం చెప్పారు. "మీరేం బాధపడకండి, లాభం లేదు."

సోలారు పాఠాలకి కొత్తగా వచ్చిన చిన్నటీచరుకి ఈయన్ని చూస్తే ఒళ్లు మండేది. పాపం ఆవిడ, "జీవితానికో లక్ష్యం ఉండాలి, మీలో శక్తి ఉంది" అని గొంతు చించుకుని వచ్చేది. తర్వాతి పీరియడు ఈయనది. "శక్తి పుట్టదు, చావదు, చేతులు మారుతుంది. మన చేతికొచ్చేసరికి మిగిలేది ఉక్కపోతే. లాభం లేదు, రాసుకోండి" అనేవారు. పిల్లలు అదీ రాసుకునేవాళ్లు.

"ఎందుకండీ పిల్లల్ని అలా నీరుగారుస్తారు?" అని ఆవిడ ఓరోజు నిలదీసింది.

"పరీక్ష కష్టం. ఉద్యోగాల్లేవు. ఉన్నవి మనకివ్వరు. అబద్ధం చెప్పమంటారా తల్లీ?"

"ఆశ పెట్టుకోవడం తప్పా?"

"తప్పు కాదు. లాభం లేదు."

ఆయన మాట ఒక్కటీ పొల్లుపోకపోవడమే ఆవిడ కడుపుమంట. నిరుడు సోలారులో ఫస్టొచ్చిన కుర్రాడు బస్‌స్టాండు ముందు గొడుగులు అమ్ముకుంటున్నాడు. "సూర్యుణ్ణి నమ్ముకునే బతుకుతున్నాడుగా" అన్నారు మాస్టారు.

ఈ ఏడు ఫలితాల్లో సగం క్లాసు తప్పింది. వెల్డరు కూతురైతే రెండోసారి. "నువ్వు పాసవుతావు, పూచీ నాది" అని చిన్నటీచరు అందరి ముందూ అన్నది ఆ పిల్లతోనే. ఆ మధ్యాహ్నం వెల్డరు ఆవిడకి ఫోను చేశాడు.

"అమ్మాయి ఇంటికి రాలేదండీ. ఫోనెత్తట్లేదు. మీ దగ్గరికేమైనా వచ్చిందా?"

ఆవిడ ఉన్నపళంగా వెతకడానికి బయల్దేరింది. లైబ్రరీలో లేదు, బస్‌స్టాండులో లేదు, స్నేహితురాళ్లకి తెలియదు. నేనే ఆ పిల్లని చేజేతులా ఏం చేశానో అనుకుంటూ, ఇంకెవరూ తోచక పెద్దమాస్టారింటి తలుపు కొట్టింది.

మాస్టారి కుర్చీలో వెల్డరు కూతురు ముక్కు తుడుచుకుంటూ టీ తాగుతోంది. తప్పిన మిగతావాళ్లు గదినిండా కింద కూర్చున్నారు.

"నేను ముందే చెప్పానా లేదా? ఇందులో నీ తప్పేముంది?" అంటున్నారు మాస్టారు.

చిన్నటీచరు వెల్డరుకి ఫోను చేసి చెప్పి, గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "నా దగ్గరికి రావచ్చుగా తల్లీ?"

"మీకు మొహం ఎలా చూపించను మేడం? ఈయనైతే ముందే అనేశారు."

"ఏటా ఈ రోజు మా ఇంట్లో ఇంతేనమ్మా" అంది మాస్టారి భార్య, ఇంకో గ్లాసు అందిస్తూ. "పాసైనవాడు ఒక్కడూ ఈ గుమ్మం తొక్కడు."

చిన్నటీచరు పిల్లల మధ్య చతికిలబడింది. "నేనూ తప్పాను మాస్టారూ."

"ఎలాగూ తప్పారు కాబట్టి రేపట్నించి మీరూ రండి. వీళ్లు మళ్లీ రాయాలి, తప్పినవాళ్లకి ఏటా ఇక్కడే పాఠాలు చెబుతాను. సోలారు లెక్కలు నాకు రావు. ఇన్నేళ్లూ లాభం లేదంటూ దాటేస్తున్నాను."

"ఎన్నింటికి రమ్మంటారు?"

"ఎన్నింటికొచ్చినా లాభం లేదు. ఏడింటికి రండి."