ఒక్క మార్కు తక్కువైన అమ్మాయి

2018వ సంవత్సరం, పీజీ అడ్మిషన్ల రోజులు. గుంటూరు నుంచి ఒంగోలు వైపు పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో నేను అటెండర్‌ని. దాని పేరు చెప్పను, నాకు అన్నం పెట్టిన చోటు అది. మా సెక్షన్‌ని ఎలిజిబిలిటీ సెక్షన్ అనేవాళ్ళు. వేరే యూనివర్సిటీల్లో డిగ్రీ చదివిన పిల్లలు మా దగ్గర పీజీలో చేరాలంటే, వాళ్ళ డిగ్రీ మా రూల్సుకి సరిపోతుందా లేదా అని తేల్చే గది అది. మా ఆయన అక్కడే పనిచేస్తూ సర్వీసులో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం నాకిచ్చారు. నాకు సంతకం చేయడం, అంకెలు గుర్తుపట్టడం తప్ప చదువు లేదు. ఇదంతా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

చదువు రాని మనిషివి, అంత చదువుల ఆఫీసులో ఏం చేశావని అడుగుతారు నన్ను. కాగితాల పని చేశాను. జెరాక్సులు తీయడం, ఫైళ్ళకి ట్యాగులు కట్టడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు కవర్లలో పెట్టి సంచీలో వేసి లక్కతో సీలు వేయించడం. అన్నేళ్ళు అదే పని చేశాక కాగితాన్ని బట్టి యూనివర్సిటీని చెప్పేదాన్ని. ఒకరి మార్కుల మెమో గంధం రంగులో ఉండి వేలికి గరుగ్గా తగిలేది. సముద్రం వైపు నుంచి వచ్చేది పల్చగా, వానాకాలం ఇట్టే మెత్తబడిపోయేది. ఇంకొకరిది మధ్యలో పెద్ద ముద్ర ఉండి వెలుతురుకి పెడితే మెరిసేది. పిల్లలు కౌంటర్‌లో మెమో పెట్టగానే, “నువ్వు ఫలానా వైపు నుంచి వచ్చావు కదూ” అంటే ఆశ్చర్యపోయేవాళ్ళు. ఆ కాగితాల వాసన, వేసవిలో లక్క కరిగే వాసన, వరండాలో తల్లులు మెట్ల మీద విప్పుకున్న పులిహోర డబ్బాలు, అన్నీ నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

ప్రసాద్ గారని మా సీనియర్ అసిస్టెంట్. టీ తాగేటప్పుడు నాకు విడమరిచి చెప్పేవాడు.

“సీతారావమ్మా, ఒక చోట ముప్పై అయిదొస్తే పాస్, ఇంకో చోట నలభై రావాలి. ఒకళ్ళు లెక్కలు చదివిన వాళ్ళని స్టాటిస్టిక్స్‌లోకి రానిస్తారు, ఇంకొకళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారు. ఒకళ్ళు తప్పిన వాళ్ళకి నెలలో మళ్ళీ పరీక్ష పెడతారు, ఒకళ్ళు ఏడాది ఆగమంటారు. వీళ్ళందరినీ మనం ఒక్క కాటాలో తూయాలి.”

“మన కాటా సరిగ్గానే ఉందంటారా సార్?”

“నీకూ నాకూ జీతమిచ్చే కాటా. సరిగ్గానే ఉంటుంది.”

ఆ ఏడాది కొత్తగా మెమోల్లో మార్కులు పోయి గ్రేడ్లు ఎక్కువగా వచ్చాయి. సీజీపీఏ అంటారు. అన్ని పరీక్షల గ్రేడ్లూ కలిపి చివర ఒక్క అంకె వేస్తారు. మా యూనివర్సిటీలో అది పదికి ఇంత అని ఉంటుంది. పదితో గుణిస్తే శాతం వస్తుంది. డిగ్రీలో యాభై శాతం ఉంటేనే ఎమ్మెస్సీ సీటు.

కోటేశ్వరి అనే అమ్మాయి, వాళ్ళమ్మ ఆ రోజు పొద్దున్నే కౌంటర్ దగ్గరికి వచ్చారు. వాళ్ళది నరసరావుపేట వైపు పల్లె. ఇటు నుంచి పోయిన చాలామంది రైతుల్లాగే ఆ పిల్ల తండ్రి కర్ణాటకలో తుంగభద్ర కాలవ కింద కౌలుకి భూమి తీసుకుని మిర్చి వేశాడు. పిల్ల అక్కడే డిగ్రీ చదివింది. తండ్రి పోయాక తల్లీకూతుళ్ళు సొంతూరికి వచ్చేశారు. ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని బోటనీలో సీటు దక్కించుకుంది. చేను చేనంతా ఆకుముడత ఎందుకొస్తుందో చదవాలని ఆ పిల్ల పట్టు. అంతకు ముందు రోజే సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్ళారు. ఇవాళ సీటు ఖాయమైందని చెబుతారని వచ్చారు.

ప్రసాద్ గారు ఫైలు తీసి జెరాక్స్ మీద వేలు పెట్టాడు.

“అమ్మాయ్, నీది నాలుగు పాయింట్ తొమ్మిది. పదితో గుణిస్తే నలభై తొమ్మిది. యాభై కావాలి. ఒక్క మార్కు తక్కువ.”

“సార్, మా దాంట్లో ఏడుకి వేస్తారు సార్. నాది ఫస్ట్ క్లాస్.”

“ఏడుకేంటమ్మా. ఇంకా నయం, పదకొండుకి వేస్తారన్లేదు. ఎక్కడ రాసుందో చూపించు.”

ఆ అమ్మాయి జెరాక్స్ అంతా వెతికింది. లేదు. “ఒరిజినల్ మీ దగ్గరే ఉంది సార్” అంది.

“ఒరిజినల్లో ఉన్నదే కదా జెరాక్స్‌లో వచ్చేది?”

వాళ్ళమ్మ ముందుకొచ్చింది. “అయ్యా, ఒక్క మార్కేగా. మిరపకాయల్లో గుప్పెడు తాలుకాయలుంటే చూసీచూడనట్టు పోనిస్తారు గదయ్యా.”

“ఇది మిర్చి యార్డు కాదమ్మా.”

“యార్డయితే బేరమన్నా ఆడేదాన్ని.”

వరుసలో వెనకున్న వాళ్ళు నవ్వారు. ప్రసాద్ గారు కూడా నవ్వాడు గానీ ఫైలు మూసేశాడు. “మీ యూనివర్సిటీ నుంచి లెటర్ తెచ్చుకోండి. సాయంత్రం అయిదింటికి లిస్టు పైకి పోతుంది. ఆలోపు రాకపోతే సీటు తర్వాత ర్యాంకు వాళ్ళకి.”

“పోను ఒక రోజు, రాను ఒక రోజు సార్” అంది ఆ పిల్ల. ఆయన అప్పటికే తర్వాతి వాళ్ళని పిలిచాడు.

నేను పక్కనే కూర్చుని ట్యాగులు కడుతున్నాను. ఒరిజినల్లో ఉన్నదే జెరాక్స్‌లో వస్తుందన్న మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. ఎందుకంటే ఆ జెరాక్స్ తీసింది నేనే.

మా సెక్షన్‌లో మెమోకి ముందు వైపే జెరాక్స్ తీస్తాం. మా ఆయన కాలం నుంచీ అంతే. పాత మెమోలన్నీ వెనక వైపు ఖాళీగా ఉండేవి. ఖాళీ వైపు తీస్తే కాగితం దండగని పెద్దాఫీసరొకాయన ఎప్పుడో చెప్పాడట. ఆయన పోయాడు, మాట మిగిలింది. మా ఆయన ఇంటికొచ్చి తన పని గురించి చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పేవాడు. నేనూ అలాగే చేసుకొచ్చాను. కానీ ముందు రోజు ఆ పిల్ల మెమోని జెరాక్స్ మిషన్ అద్దం మీద నుంచి తీసినప్పుడు వెనక గళ్ళు గీసి సన్నటి అక్షరాలుండటం నేను చూశాను. చూసి, ముందు వైపు తిప్పి కవర్లో పెట్టేశాను.

బయటికి వెళ్ళాను. తల్లీకూతుళ్ళు వేపచెట్టు నీడలో స్కూటర్ల పక్కన నిలబడి ఉన్నారు.

“పోనీలేవే” అంటోంది తల్లి. “వచ్చే ఏడు చూద్దాం. రేపట్నుంచి నాతో పాటు పత్తి గింజలు పెట్టడానికి రా.”

“నాకు ఒక్క మార్కు తక్కువ రాలేదమ్మా. వచ్చుంటే వచ్చేదాన్ని.”

నేను దగ్గరికి పోయి అడిగాను. “ఏమ్మా, నీలం అంచు మెమో కదూ నీది? వెనకాల గళ్ళు గీసి ఏదో ఉంది. ఏంటది?”

ఆ పిల్ల ఆలోచించింది. “ఉంటుంది ఆంటీ. ఎప్పుడూ చదవలేదు. ముందు వైపు గ్రేడ్లే కదా చూసుకుంటాం.”

“ఎక్కడికీ పోకండి” అని చెప్పి లోపలికొచ్చాను.

ప్రసాద్ గారితో చెప్పాను, ఆ మెమో వెనక రాసుందని.

“ఏం రాసుంది?”

“తెలియదు సార్.”

“చదవలేదా?” అన్నాడు. పక్క సీటాయన కిసుక్కున నవ్వాడు.

“చదవడం రాదని మీకు తెలుసు సార్. కళ్ళయితే ఉన్నాయి.”

ఆయన మొహం ఎర్రబడింది. సంచీలకి సీళ్ళు పడ్డాయనీ, సూపరింటెండెంట్ మేడం సంతకం లేకుండా విప్పితే తన ఉద్యోగం మీదికొస్తుందనీ అన్నాడు. అదీ నిజమే. ఎవరి భయం వాళ్ళది. నాకూ భయమేసింది. కానీ ఆ పిల్ల నాకు ఎదురుగా, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

మేడం అన్నం డబ్బా విప్పుకుంటోంది. నిలబడే చెప్పాను. “తప్పు నాది మేడం. జెరాక్స్ ఒక వైపే తీశాను. అన్నీ అలాగే తీస్తాను. ఆ సంచీ విప్పించండి.”

“వెనక ఏముందో తెలియకుండా సీలు తీయమంటావా సీతారావమ్మా?”

“ఏమీ లేకపోతే నన్ను ఏ సెక్షన్‌లోనైనా వెయ్యండి మేడం. ఊడ్చే పనికైనా పోతాను.”

మేడం డబ్బా మూత పెట్టేసింది. రిజిస్టర్లో రాసి, సంతకం చేసి, లక్క పగలగొట్టించింది. సంచీలో కవర్లు చాలా ఉన్నాయి. ప్రసాద్ గారు నంబర్లు వెతుకుతుంటే నేను చేయి పెట్టి నీలం అంచు మెమో ఉన్న కవరు తీసిచ్చాను. మేడం మెమో తిప్పి, కళ్ళజోడు సర్దుకుని ఇంగ్లీషులో చదివింది. తర్వాత నా కోసం తెలుగులో చెప్పింది. ఈ యూనివర్సిటీలో గ్రేడ్లు పదికి కాదు, ఏడుకి వేస్తారు, శాతం కావాలంటే ఏడుతో భాగించి నూటితో గుణించాలి, అని.

ప్రసాద్ గారు క్యాలిక్యులేటర్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. “డెబ్భై” అన్నాడు. నా వైపు చూడలేదు. లేచి తనే బయటికి వెళ్ళి, వేపచెట్టు దాకా నడిచి ఆ పిల్లని పిలుచుకొచ్చాడు.

“నేను చెప్పాను కదా సార్” అంది కోటేశ్వరి.

“చెప్పావమ్మా. నాదే పొరపాటు” అన్నాడాయన.

వాళ్ళమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. “ఇందాకటి నుంచి ఆ ఇరవై ఒక్క మార్కులూ ఎక్కడ దాచారయ్యా?”

అందరం నవ్వుకున్నాం. ఆ పిల్ల చేరింది, రెండేళ్ళూ చదివింది. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు మా గదిలోకి తొంగి చూసి, “వెళ్ళొస్తా ఆంటీ” అని చెప్పి పోయేది.

ఇంతటితో అయిపోతే ఇది సంతోషంగా చెప్పుకునే సంగతే. కానీ ఆ మధ్యాహ్నం మేడం నన్నే అడిగింది, “ఈ నీలం అంచువి ఇంతకు ముందేమైనా వచ్చాయా?” అని. వచ్చింది, ఒకటి. జువాలజీకి, పది పదిహేను రోజుల ముందు. రిజిస్టర్ తిప్పితే దొరికింది. సునీత అనే అమ్మాయి. నాలుగు పాయింట్ ఏడు. నలభై ఏడని తీసేశారు. ఆ సీటులో వేరే పిల్ల చేరిపోయి క్లాసులకి కూడా పోతోంది.

మేడం ఫోన్ చేసి, మాకు వినిపించేలా స్పీకర్ పెట్టింది. ఆ అమ్మాయి గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో బస్తాల నంబర్లు రాసే పనిలో చేరిందట. మిర్చి ఘాటుకి దగ్గుతూనే మాట్లాడింది. మేడం జరిగింది చెప్పి, “మరి ఏడుకి వేస్తారని ఆ రోజు చెప్పలేదేం తల్లీ?” అంది.

బస్తాలు పడే చప్పుడు మధ్యే చెప్పింది ఆ అమ్మాయి.

“అక్కడ నాకు ఫస్ట్ క్లాసేనండి. కానీ మీది పెద్ద యూనివర్సిటీ కదా. మీ లెక్కలో నేను తక్కువేమోననుకున్నాను. మా ఇంట్లో కూడా అదే చెప్పాను.”

వచ్చే ఏడు మళ్ళీ ఎంట్రన్స్ రాయమనీ, అర్హత లెటర్ ఇప్పుడే పోస్టు చేస్తాననీ మేడం చెప్పింది. “రాస్తానండి” అంది. లెటర్ నేనే కవర్లో పెట్టి పంపించాను. మరుసటి ఏడు నేను ప్రతి కాగితం రెండు వైపులా తీశాను, నీలం అంచువి రెండొచ్చాయి. రెండూ వేరే పిల్లలవి. ఆ పై ఏడు కూడా సునీత రాలేదు.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. సర్టిఫికెట్లన్నీ కంప్యూటర్లోనే వస్తాయట, ఏ యూనివర్సిటీ ఎన్నింటికి వేస్తుందో దానికే తెలుసట. మంచిదే. అయినా కౌంటర్ అవతల కూర్చునే వాళ్ళకి ఒక్క మాట చెప్పాలని ఉంటుంది. ఎక్కడి నుంచో వచ్చిన పిల్లకి నువ్వు తక్కువని చెప్పే ముందు, మీ దగ్గర ఎలా కొలుస్తారమ్మా అని అడగండి. అడగకపోయినా కోటేశ్వరి లాంటి పిల్ల ఎదురు చెప్పి తనది తను తెచ్చుకుంటుంది. సునీత మా మాట నమ్మింది.